కొసరు వేసిన బోరు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాల్సి వచ్చేది అంతే) మా సీమలో బోరు వేయించని ఇల్లు లేదు. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు కూడా కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు "మీ చేన్లో ఎన్ని అడుగులకు పడినాయి?" అని అడిగేవాళ్ళు. నీళ్ళు పడితే పండుగ, పడకపోతే పరామర్శ. అలాంటి చోట నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఎవరూ నీళ్ళు తోడుకోకూడని బోర్లు వేయించడం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ సంగతి మా హిందూపురం ఇంట్లో చెప్పిన రోజు నాకు నోరు ఎండిపోయింది.

మా నాయనది బజారులో చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. మా తాత కూర్చున్న చోటనే ఆయన కూర్చున్నాడు, ఆయన తర్వాత నేను కూర్చోవాలని గల్లాపెట్టె పక్కన నాకోసం ఒక దిండు కూడా వేసి పెట్టాడు. నేను ఇంజనీరింగు చదువుకుని, బోర్లు వేసే కంపెనీలో చేరానని చెప్పేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "ఏం బోర్లప్పా అవి?" "నీళ్ళ మట్టం చూసేకి నాయనా. లోపల నీళ్ళు ఎంత కిందికి పోయినాయో, ఎంత పైకొచ్చినాయో కొలుస్తాం." "కొలిచి?" "రాసుకుంటాం." "తాగేకి?" "కాదు." "పైరుకి?" "కాదు నాయనా. మూతేసి తాళం పెడతాం." నాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంటే నేల తొవ్వి, నీళ్ళు చూసి, తాళమేసి ఇంటికొస్తారు. దీనికి ఒక చదువు" అన్నాడు.

అందులోనూ నా పని మరీ చెప్పుకోలేనిది. ఇలాంటి బోరుకు ముందు వెడల్పాటి గుంత దింపుతారు. అందులోకి సన్నటి ప్లాస్టిక్ పైపు వేస్తారు. గుంత గోడకూ పైపుకూ మధ్య చుట్టూ సందు మిగులుతుంది. ఆ సందులో అడుగున కడిగిన గులకరాళ్ళు పోయాలి, నీళ్ళు వాటిలోంచి వడకట్టుకుని పైపులోకి వస్తాయి. వాటి మీద బెంటోనైట్ మట్టి, అది తడి తగిలితే ఉబ్బి బిర్రుగా పట్టుకుంటుంది, పైనున్న మురికినీటిని కిందికి దిగనివ్వదు. దాని మీద నేల దాకా సిమెంటు పాలు. ఏది ఎంత పడుతుందో ముందే లెక్కగట్టి తెప్పించడం నా ఉద్యోగం. వడలో బెజ్జం పైపు అనుకుంటే, చుట్టూ ఉండే పిండి నా లెక్క. (మా అవ్వకు అర్థం కావాలని ఈ పోలిక చెప్పాను. ఆమె అంతా విని, "అయితే వడ తినేదెవురు?" అని అడిగింది.)

ఇక్కడ కొసరు గురించి కొంచెం చెప్పుకోవాలి. మా అంగట్లో తక్కెడ ముల్లు నిలబడ్డాక సరుకు మీద ఇంకో చిటికెడు చింతపండు వేస్తేనే బేరం పూర్తయినట్టు. అసలు కంటే కొసరు ముద్దు అనే మాట నేను అక్షరాలు నేర్చుకోక ముందే నేర్చుకున్నాను. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను తక్కెడ దగ్గర కూర్చోబెడితే, వచ్చినవాళ్ళ ముఖం చూసి జాలేసి చిటికెడు బదులు పిడికెడు వేసేవాణ్ణి. రెండు రోజులు చూసి నాయన నన్ను మిరపకాయల తొడిమలు తీసే పనికి మార్చేశాడు. తర్వాత కాలేజీ చదువు నా చేతికున్న ఆ ఉదారగుణాన్ని పూర్తిగా వదిలించింది. అంకెకు చుక్క పెట్టి, చుక్క తర్వాత మళ్ళీ రెండు అంకెలు వేస్తే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. పెద్ద వలయంలోంచి చిన్న వలయం తీసెయ్యి, లోతుతో హెచ్చవెయ్యి, అయిపోయింది. భూమికి కొసరు ఎందుకు?

భూమి ఆ ప్రశ్నకు పెనుకొండ దగ్గర జవాబు చెప్పింది. కొండ పాదాల్లో ఒక బీడు, అక్కడ నా మొదటి బోరు. గులక నేను చెప్పినంతే వచ్చింది, ఒక గంప ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ ట్రాక్టరును చూసుకుని నేను పడిన గర్వం ఇంతా అంతా కాదు. కానీ ఆ నేల పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తబడిపోయిన రాయి. బోరు తొవ్వే రిగ్గు అదురుకు గుంత గోడలు లోపల్లోపల ఊడిపోయి, నేను కాగితం మీద గీసిన వలయం కడవ పొట్టలా తయారైంది. గులక పోస్తున్నాం, పోస్తున్నాం, తాడు కట్టి లోతు చూస్తే పైకి రావడం లేదు. రిగ్గు నడిపే ఆయన తమిళనాడు నుంచి వచ్చినవాడు, అందరం రిగ్గన్న అనేవాళ్ళం. ఆయన గుంతలోకి చెవి పెట్టి విని, "తంబీ, లోపల ఎవురో కూసోని తింటా ఉండారు" అన్నాడు. ట్రాక్టరు ఖాళీ అయింది. ఇంకో ట్రాక్టరు వచ్చేలోపు గోడ మన్ను జారి సందులో పడింది, బోరు పాడైంది. పక్కనే మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది.

మా పైఅధికారిని మేము మిల్లీమీటరు సారు అనేవాళ్ళం. టీకొట్టు ఎంత దూరం అని అడిగినా ఆయన మనసులో మిల్లీమీటర్లలోనే తలుస్తాడని నమ్మకం. కోపం వస్తే ఆయన గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు. పాడైన బోరు చుట్టూ ఒకసారి తిరిగి, అందరి ముందరా నాతో మెల్లగా చెప్పాడు. "చూడప్పా. తక్కువైతే బోరు పోతాది. ఎక్కువైతే కంపెనీ పరువు పోతాది, సరుకు పారబోసుకుంటాండారంటారు. రెండూ నాకు ఒకటే. వచ్చే బోరు ధర్మవరం పక్క. ఆడ గూడా లెక్క తప్పితే, మీ నాయనకు అంగడి ఉండాదంట గదా, పోయి దాంట్లో కూర్చో." రిగ్గన్న నేల చూపులు చూశాడు. పెనుకొండలో మా సామాను గది చూసుకునే స్టోరు మామ (ఎవరికి మామో తెలియదు, అందరికీ మామే) తన తువ్వాలు నా చేతికిచ్చి ముఖం తుడుచుకోమన్నాడు. నేను ఏడవలేదు. చెమట ఎక్కువ పట్టింది, అంతే.

ఆ వారం ఇంటికి పోయినప్పుడు అన్నం దగ్గర సంగతంతా చెప్పాను. నాయన చివరి దాకా విన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "దిండు అట్లనే ఉండాదిలేప్పా" అన్నాడు. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఆయనకు కావలసింది అదే కదా అనుకున్నాను. నేను ఓడిపోయి వస్తే ఆయన గెలిచినట్టు. చింతపండు మీద నాకు ద్వేషం లేదు గానీ, నేను ఎన్నుకున్న పని నాకు చేతకాదని ఊరంతా తెలిసేలా ఆ దిండు మీద కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు. ధర్మవరం బోరు లెక్క ఆ పౌరుషంలోనే కట్టాను. సూత్రం ప్రకారం వచ్చినదానికి కొంచెం కలిపాను. పెనుకొండ గుర్తొచ్చి ఇంకొంచెం కలిపాను. చివర్లో చిన్నప్పటి పిడికెడు కూడా పడిందని ఒప్పుకోవాలి.

ధర్మవరం పక్కన అది మగ్గాల పల్లె. బోరు వేసే చోటు ఊరి మొదట్లోనే, దాని పక్కనుంచి ఒక పొడుగాటి వీధి. పొద్దున్నే ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టు పడుగు సాచుకుంటారు, నేయబోయే చీర నిలువు పోగులన్నీ గాలిలో బారుగా నిలబెట్టి చిక్కులు తీసుకుంటారు. వీధికి పెద్దరికం ఒక అవ్వది. మేము రిగ్గు దింపినప్పుడు ఆమే వచ్చి పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. ఇది తాగే నీళ్ళ బోరు కాదని చెబితే, "ఏదైతే ఏమప్పా, భూదేవికి చెప్పకుండా బెజ్జం పెడతారా?" అంది. కానీ రిగ్గు తిరగడం మొదలై లోపలి బురద బుసలు కొడుతూ బయటికొచ్చి నేరుగా ఆమె వీధిలోకి పారేసరికి ఆ చల్లని చూపు మారిపోయింది. "ఏమప్పా, రేపు మేము పడుగు యాడ సాచుకోవాల? నీ నెత్తినా?" అని నన్నే పట్టుకుంది. సమాధానం చెప్పేంత తీరిక నాకు లేదు. గుంత సిద్ధమైంది, పైపు దిగింది, గులక ట్రాక్టరు వచ్చింది. పోశాం.

ఆ నేల పెనుకొండ నేల కాదు. రాయి అంటే రాయి, గుంత గోడ గాజుగొట్టంలా నున్నగా ఉంది. సూత్రం చెప్పినంత గులక పట్టింది, ఆ పైన ఒక్క గంప కూడా పుచ్చుకోలేదు. ట్రాక్టరులో సగానికి పైగా అట్లే మిగిలిపోయింది. అంతలో ఇంకో ట్రాక్టరు వచ్చింది. దాని మీద స్టోరు మామ కూర్చుని ఉన్నాడు. "నీ లెక్క చూసినా నాయనా, పాపం మళ్ళా తక్కువైతాదేమోనని నేనే ఇంకొంచెం ఎక్కించుకొచ్చినా. సారుకు చెప్పొద్దులే" అన్నాడు గుసగుసగా. నేను నోరు తెరిచేలోపు రిగ్గన్న తన లారీ వెనక తట్టు పరదా ఎత్తి, పాత పనుల్లో మిగిలిన గులక మూటలు చూపించాడు. "తంబీ కోసం దాచినా" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం చూసి నాకు తిట్టబుద్ధి కాలేదు. మూడు కుప్పలు, మూడు చిన్న కొండలు. సరిగ్గా అప్పుడే మిల్లీమీటరు సారు ఫోను. పుట్టపర్తి దాటినాడట, భోజనం వేళకు వస్తాడట.

నేను కుప్ప పక్కనే కూలబడిపోయాను. అప్పుడు కూడలి దగ్గర హిందూపురం బస్సు ఆగింది. కండక్టరు టాపు మీదికెక్కి గోనెసంచులు దింపుతున్నాడు. వాటితో పాటు, భుజం మీద తువ్వాలు, చంకలో అన్నం క్యారియరుతో మా నాయన దిగాడు. ఆ రోజు బజారు రోజు. తాత పోయినప్పుడు తప్ప బజారు రోజు మా అంగడి మూసినట్టు నేను ఎరగను. "మూసినావా నాయనా?" అన్నాను, ఇంకేమీ తోచక. "మూసినా" అన్నాడు. "పెనుకొండలో గులక తక్కువైంది, ఈడ మట్టి తక్కువైతాదేమో అనుకుంటి. బోరు సామాన్ల అంగళ్ళన్నీ తిరిగితే ఈ ఉబ్బే మట్టి దొరికె. ఉంచుకో. కొరత పడితే మాటొస్తాది, కొసరు ఉంటే రాదు." దిండు మాట ఎగతాళి అనుకుని వారం రోజులు ఆయన మీద కోపం పెట్టుకున్నవాణ్ణి, లేచి ఆ సంచులు ఒక్కొక్కటీ తడిమి చూశాను. చివరికి, "నాయనా, ఎక్కువైనా మాటొస్తాది" అని కుప్పల వైపు చెయ్యి చూపించాను.

నాయన కుప్పలు చూశాడు, బురద వీధి చూశాడు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిన అవ్వను చూశాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారం ఆయన కళ్ళలోకి వచ్చింది. "అవ్వా, ఈ రాళ్ళు మీ వీధిలో పరిస్తే పడుగు సాచుకోవచ్చునా?" అని అడిగాడు. అవ్వ వంగి ఒక గుప్పెడు గులక తీసుకుని, "కడిగినవి గూడానే" అంది. అంతే. ఇళ్ళల్లోంచి గంపలు వచ్చాయి, చేటలు వచ్చాయి, మగ్గం దిగి మగవాళ్ళు వచ్చారు. మా బోరు చేసిన బురద మీద మా బోరు మిగిల్చిన గులక పరుచుకుంటూ పోయింది. నాయన పంచె ఎగ్గట్టి, అంగట్లో లాగే, ఏ గుమ్మం ముందరా తక్కువ కాకుండా చూసి చూసి పోయించాడు. అదనపు మట్టిని పశువుల నీళ్ళతొట్టి కింద కారే చోట మెత్తారు. గులక మీద మట్టి, మట్టి మీద సిమెంటు పాలు నేను, రిగ్గన్న పూర్తిచేసేసరికి కుప్పలున్న చోట చీపురు గుర్తులు మాత్రమే మిగిలాయి.

సారు జీపు కూడలిలో దిగి వీధి వెంబడి నడుచుకుంటూ వచ్చాడు. అడుగు వేస్తే కరకర. ఇంకో అడుగు, కరకర. నాలుగైదు అడుగుల తర్వాత ఆయన నిలబడిపోయాడు. వంగి ఒక రాయి తీసుకుని, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఎంత సైజు గులక పోయాలో జల్లెడ పట్టించి చెప్పేది ఆయనే. "ఇది నా గులక" అన్నాడు మెల్లగా. అంటే కోపం వచ్చిందన్నమాట. "ఎవురు తెప్పించినారు ఇంత?" నేను ముందుకొచ్చి "నేనే సార్" అన్నాను. "రొండో ట్రాక్టరు నాది సార్" అన్నాడు స్టోరు మామ. రిగ్గన్న చెయ్యి ఎత్తాడు, బడిలో పిల్లవాడిలా. "మట్టి నేను తెస్తి" అన్నాడు నాయన. సారు అందరినీ ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. "ఇన్ని కొసర్లలో నీ లెక్క ఏదప్పా?" ఆయనే బోరు దగ్గరికి పోయి, లోతు అడిగి, గుంత వెడల్పు అడిగి, నేల మీద పుల్లతో గీసి లెక్క చూశాడు. "పెనుకొండలో కట్టిన లెక్క ఈడ, ఈడ కట్టింది పెనుకొండలో కట్టింటే, నీ అంతటోడు ఈ జిల్లాలో ఉండడు" అన్నాడు. అవ్వ ముందుకొచ్చి గట్టిగానే అంది: "మీ బోరు మా వీధి చెడిపె, మీ రాళ్ళు మా వీధి బాగు చేసె. ఎక్కువ యాడుండాది సామీ దీంట్లో?"

సారు మా నాయన వైపు తిరిగి అడిగాడు. "మీరేనా వీడి నాయన? అంగడి మీదే గదా? పిలుచుకోని పోతారా?" నాయన ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట అది. అవును అంటే చాలు. నాయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "వద్దు సార్. ఈన్ని మీరే పెట్టుకోండి. అంగట్లో ఈడు పనికిరాడు, చిన్నప్పుడే చూసినా. చిటికెడు వేయమంటే పిడికెడు వేస్తాడు. నా అంగడి మునుగుతాది. మీకు భూమి ఉండాది, ఎంత వేసినా మునగదు." మిల్లీమీటరు సారు నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. పెద్ద నవ్వేమీ కాదు, ఆయన కొలతల్లోనే నవ్వాడు. తర్వాత నాయన తెచ్చిన క్యారియరు విప్పితే అందరం రిగ్గు నీడలో కూర్చుని తిన్నాం. ఇంటి దగ్గర మా అవ్వ అన్నం పెట్టి పంపేటప్పుడు కూడా కొసరు మరిచిపోలేదు, అందరికీ సరిపోయింది. సారు చేయి కడుక్కుని, "వచ్చే బోరుకు నేల చూసి లెక్క కట్టు. ముందు నేల, తర్వాత సూత్రం" అన్నాడు. వచ్చే బోరు అన్నాడు. నాకు ఆ ఒక్క ముక్కే వినిపించింది.

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరినవాళ్ళు చుక్క తర్వాత రెండంకెలు వేసిన లెక్కలు తెచ్చి నా ముందు పెడతారు. నేనూ గొంతు తగ్గించి మాట్లాడతానని, నాకూ ఒక పేరు పెట్టారని తెలుసు (ఏమిటో ఎంత అడిగినా చెప్పరు). గల్లాపెట్టె పక్కన దిండు మీద మా తమ్ముడు కూర్చుంటున్నాడు. వాడు చిటికెడు దగ్గరే ఆగుతాడు, దేవుడి దయ. నాయన వయసు మీదపడి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకు చెబుతుంటాడు, మా పెద్దోడు నీళ్ళను చూసి తాళమేసి వస్తాడు అని. ఆ గొంతులో ఇప్పుడు వెక్కిరింత ఎంతో, మురిపెం ఎంతో నేను లెక్క కట్టలేను.

మొన్న ఆ పల్లె బోరు మట్టం చూడడానికి నేనే పోయాను, పోనవసరం లేకపోయినా. తాళం తీసి, టేపు దింపి చూశాను, నీళ్ళు అంతకుముందుకంటే కొంచెం పైకే వచ్చాయి. వీధిలో పడుగు సాచి ఉంది, దాని కింద మా గులక నేలలో కలిసిపోయి నున్నబడింది. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె కోడలు అచ్చం ఆమెలాగే నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "సారూ, ఈ పక్కన మళ్ళా బోరేమన్నా ఏస్తారా? ఆ చివర కొత్తగా లేసిన ఇండ్ల ముందర గులక లేక బురదే ఉండాది." వేస్తామమ్మా, వచ్చే నెలలో ఒకటి ఉంది అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళ అనుభవం మరి, ఈసారి నా లెక్క సరిగ్గా వచ్చేస్తుందేమోనని.